కోపం రాని నాయికలు

పెద్దల కోసమని ముద్ర వేసుకుని కంప్యూటరు తెర మీదికి వస్తున్న దృశ్యనవలలను గురించి మాట్లాడేవారు రెండు రకాలుగా ఉన్నారు. ఒక రకం వారు ముక్కు మూసుకుంటారు. రెండవ రకం వారు కళ్లు మూసుకుంటారు. మొదటివారి దృష్టిలో అది బూతు. బూతును తగలబెట్టాలి గాని విమర్శించటమేమిటంటారు. రెండవవారి దృష్టిలో అది ఆట. ఆటను ఆడుకోవాలి గాని విమర్శించటమేమిటంటారు. ఇద్దరూ కలిసి చేస్తున్న పని ఒక్కటే. ఆ కథలను సాహిత్య విమర్శకు అందకుండా కాపాడుతున్నారు. మనం నవలనూ నాటకాన్నీ అడిగే ప్రశ్నలనే వాటినీ అడగాలి. ఇందులో మనుషులున్నారా? ఉంటే, వారికి తమదంటూ ఒక మనసున్నదా?

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ కథలలో చాలావాటికి పట్టిన రోగం అశ్లీలం కాదు. వాటిలోని నాయికకు కోపం తెచ్చుకునే హక్కు లేకపోవటమే అసలు రోగం. మిగిలిన లోపాలన్నీ దాని పిల్లలు.

ఎరగనివారి కోసం ఈ ప్రక్రియను గురించి నాలుగు మాటలు. దృశ్యనవలలో తెర మీద ఒక బొమ్మ ఉంటుంది, వెనుక సంగీతం ఉంటుంది, కింద గాని బొమ్మ మీద గాని వాక్యాలు ఒకటొకటిగా వస్తాయి. చదువుతూ పోతుంటే అక్కడక్కడ కథ ఆగి, "ఇప్పుడేమంటావు?" అని రెండు మూడు మార్గాలు చూపుతుంది. ఎంచుకున్న మార్గాన్నిబట్టి కథ చీలుతుంది. జపాన్‌లో 1992లో చున్‌సాఫ్ట్ సంస్థ 'ఒతొగిరిసో' అనే భయానక కథను ఈ పద్ధతిలో చెప్పింది. అది పెద్దల ముద్ర వేసుకున్నది కాదు. అదే సంవత్సరం ఎల్ఫ్ అనే సంస్థ 'దోక్యూసేయ్' అనే ఆటను విడుదల చేసింది. అందులో ఒక యువకుడు వేసవి సెలవుల్లో ఊరంతా తిరుగుతూ, ఏ అమ్మాయి ఏ వేళకు ఎక్కడ ఉంటుందో కనిపెట్టి వారి ప్రేమను సంపాదిస్తాడు. 1996లో లీఫ్ సంస్థ 'షిజుకు', 'కిజువాతో' అనే కథలతో మొదటి పద్ధతిని పెద్దల ఆటలలోకి తెచ్చింది. 1997లో 'టు హార్ట్' వచ్చింది. చదవటం ఒక పాయ, గెలవటం ఒక పాయ, రెండూ కలిసిపోయాయి. ఈ ప్రక్రియకున్న బలమూ ఆ కలయికలోనే ఉన్నది, పుట్టుకతో వచ్చిన జబ్బూ అందులోనే ఉన్నది.

ముందు అశ్లీలం సంగతి తేల్చుకుందాం. తెలుగు పాఠకులకు ఈ తగాదా కొత్తది కాదు. తంజావూరి కొలువులో ముద్దుపళని పద్దెనిమిదవ శతాబ్దంలో రాసిన 'రాధికాసాంత్వనము'ను వీరేశలింగం పంతులుగారంతటి సంస్కర్త కూడా బూతుగానే చూశారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు దానిని పరిష్కరించి అచ్చువేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం తొలగటానికి 1940ల దాకా ఆగవలసి వచ్చింది. ఇంతకూ ఆ కావ్యంలో ఏమున్నది? రాధకు కోరిక ఉన్నది. రాధకు కోపమూ ఉన్నది. ఆ కోపాన్ని చల్లార్చటానికి కృష్ణుడు పడ్డ పాట్లే కావ్యానికి పేరయ్యాయి. శృంగారం ఎంత పచ్చిగా ఉన్నా రాధ అందులో మనిషి. ఆమె కాదంటే పరమాత్ముడికైనా దిక్కులేదు.

ఇక చట్టాలవారు అడిగే ప్రశ్నలు చూడండి. 1991లో జపాన్‌లో ఒక మాధ్యమిక పాఠశాల విద్యార్థి 'సఓరి' అనే పెద్దల ఆటను దొంగిలించిన వ్యవహారం పోలీసుల దాకా వెళ్లి, తయారుచేసిన సంస్థ అధిపతి అరెస్టు దాకా వచ్చింది. ఆ అలజడి తరువాత 1992లో ఆటల సంస్థలన్నీ చేరి తమకు తామే ఒక నైతిక నియమావళి సంఘాన్ని పెట్టుకున్నాయి. డబ్బా మీద వయసు చీటీ ఉన్నదా, బొమ్మలో దాచవలసిన అవయవాన్ని గళ్లుగళ్లుగా మసకబరిచారా అన్నవి ఆ సంఘం చూసే విషయాలలో ముఖ్యమైనవి. 2006లో బలాత్కారాన్నే ఆటగా చేసిన ఒక సరుకు వచ్చింది. దానిమీద 2009లో విదేశాలలోని స్త్రీల హక్కుల సంఘాలు గొంతెత్తాక, అటువంటి వస్తువును వాడరాదని ఆ సంఘమే నిషేధించవలసి వచ్చింది. మంచిదే. కాని పైకి ఎంతో సున్నితంగా, ముద్దుమాటలతో నడిచే మిగతా కథలలో ఆ అమ్మాయి ఒప్పుకోవటం నిజమైన ఒప్పుకోలేనా అని ఏ నియమావళీ అడగలేదు. అది నియమావళి అడిగే ప్రశ్న కాదు. విమర్శకుడు అడగవలసిన ప్రశ్న.

ఆ ఒప్పుకోలు ఎట్లా తయారవుతుందో చూద్దాం. ఆట లోపల ప్రతి నాయిక పేరు మీదా ఒక అంకె గాని, కొన్ని గుర్తులు గాని ఉంటాయి. ఆమెకు నచ్చిన జవాబు ఎంచుకుంటే అంకె పెరుగుతుంది. నచ్చనిది ఎంచుకుంటే తరుగుతుంది. కావలసినంత పోగయితే తలుపు తెరుచుకుంటుంది. లేకపోతే 'చెడ్డ ముగింపు' వస్తుంది. పాఠకుడు వెనక్కి వెళ్లి, దాచుకున్న చోటినుంచి మళ్లీ మొదలుపెడతాడు. ఆమె కాదన్న సంగతి ఆమెకే గుర్తుండదు. ఏ జవాబు ఎక్కడ చెప్పాలో వరుసగా రాసిపెట్టిన గైడులు కూడా తిరుగుతుంటాయి. పరీక్షల ముందు మా విద్యార్థులు బజారు గైడును బట్టీపట్టి కావ్యం చదివామనుకోవటం నాకు తెలుసు. అక్కడ కనీసం కావ్యానికి నష్టం లేదు. ఇక్కడ కావ్యాన్నే గైడు కోసం రాస్తున్నారు. ఆడమనిషి ప్రశ్నపత్రమయింది, ప్రేమ అంటే నూటికి నూరు మార్కులు!

ఇంతటితో ఆగలేదు. ఈ ఆటలలో చాలావాటికి చివర 'జ్ఞాపకాల గది' ఒకటుంటుంది. పాఠకుడు గెలుచుకున్న బొమ్మలూ, శృంగార ఘట్టాలూ అక్కడ చిన్నచిన్న గళ్లలో వరుసగా అమర్చి ఉంటాయి. కావలసిన గడి నొక్కి కావలసిన ఘట్టం ఒక్కటే మళ్లీ చూసుకోవచ్చు. గెలవనివి ఖాళీ గళ్లుగా ఉండి ఊరిస్తుంటాయి. చదివేసిన వాక్యాలను పరుగెత్తించే మీట మరొకటి ఉంటుంది. కథనుంచి ఊడదీసినా నిలిచే ఘట్టం కథలో ఎప్పుడైనా ఉన్నదా? కథ అంతా ఆ గదిలోకి వెళ్లే నడవ అయినప్పుడు, నడవలో నిలబడి గోడల అందం చూడమని రచయిత మనలను ఎట్లా అడుగుతాడు?

ఇప్పుడు పాత్రపోషణ సంగతికి వస్తాను. ఈ కథలలో నాయికలను జాతులుగా విభజించి అమ్ముతారు. పైకి కసురుతూ లోపల కరిగేది ఒక జాతి. దానికి 'త్సుందెరె' అని పేరే ఉన్నది. చిన్ననాటి స్నేహితురాలు ఒక జాతి, మాట్లాడనిది ఒక జాతి, పుస్తకాల పురుగు ఒక జాతి. 2001లో అజుమా హిరోకి అనే జపాను విమర్శకుడు ఈ వ్యవహారాన్ని సరిగానే పసికట్టాడు. పాఠకులు కథను గాక, జుట్టు రంగు, మాటతీరు, దుస్తులు వంటి ముక్కలు దాచిన ఒక పెద్ద పట్టికను అనుభవిస్తున్నారని అతడు వివరించాడు. వివరణగా అది బాగానే ఉన్నది. కాని ఈ ఆటల అభిమానులలో కొందరు ఆ వివరణను సమర్థనగా వాడుకుంటున్నారు. కాలం ఇట్లా ఉన్నది కాబట్టి రచన ఇట్లాగే ఉంటుందట! కల్తీ నూనె ఎట్లా తయారవుతుందో చెప్పినవాడు దానిని తాగమని చెప్పలేదు.

దీనికి మన పండితులు ఒక అడ్డు చెప్పవచ్చు: "మన అలంకారికులు కూడా అష్టవిధ నాయికలని విభజించలేదా?" విభజించారు. కాని వారేమి విభజించారో చూడండి. స్వాధీనపతిక, ఖండిత, కలహాంతరిత, విప్రలబ్ధ - ఇవి ఆడవారిలో జాతులు కావు, అవస్థలు. ఒకే స్త్రీ ఈ రోజు వాసకసజ్జిక కావచ్చు, రేపు తెల్లవారేసరికి ఖండిత కావచ్చు. ఆమెను ఒక అవస్థనుంచి మరొక అవస్థకు నెట్టేది నాయకుడి నడవడి. అంటే ఆ విభజనలో ఎదుటి మనిషి చేసిన పనికి జవాబుదారీ ఉన్నది. ఖండిత కోపానికి కారణం నాయకుడి ఒంటిమీదనే కనిపిస్తుంది. త్సుందెరె కోపానికి కారణమేమిటి? ఆమె త్సుందెరె కావటమే! ఆ కోపం కరిగి తీరుతుందని కొనేవాడికి ముందే తెలుసు. సరుకు చీటీ మీదనే రాసి ఉన్నది. కరుగుతుందని హామీ ఇచ్చిన కోపం కోపం కాదు, అలంకారం. పాత కావ్యాలలోని స్త్రీ బతుకు ఆదర్శమని నేను చెప్పటం లేదు. ఫ్యూడల్ యుగపు శాస్త్రకారుడు ఆమెకు ఇచ్చినపాటి మనసును కూడా ఈ కొత్త వ్యాపారి ఇవ్వలేదంటున్నాను.

నాయకుడి సంగతీ అంతే. చాలా ఆటలలో అతడికి కళ్లు కూడా గీయరు. జుట్టు నుదుటిమీదుగా పడి మొహాన్ని కప్పేస్తుంది. పాఠకుడు తన మొహం అక్కడ పెట్టుకోవాలట. కాని మొహం లేనివాడు ప్రేమించలేడు, సిగ్గుపడలేడు, తప్పు చేయలేడు. అవతల కోపం లేని స్త్రీ, ఇవతల మొహం లేని పురుషుడు! ఇద్దరి మధ్య జరిగేది సంభాషణ కాదు, లావాదేవీ.

"పాఠకుడికి ఎంపిక ఇచ్చాం గదా! మీ నవలాకారుడు ఒకే దారిన లాక్కుపోతాడు, ఇది అంతకంటె ప్రజాస్వామికం" అని ఈ ఆటల పక్షాన వాదించేవారున్నారు. ఎంపిక ఎవరికిచ్చారు? ఒక్కడికే ఇచ్చారు. కథలో అయిదుగురు అమ్మాయిలుంటే అయిదుగురూ అతడు ఎంచుకునేదాకా వాకిట్లో నిలబడి ఉంటారు. అతడు ఒకరిని ఎంచుకోగానే మిగిలిన నలుగురూ తెరమీదనుంచి మాయమవుతారు. వారికి వేరే పనులు, వేరే ప్రేమలు, ఒకరితో ఒకరికి తగాదాలు ఉండవు. ఒక్కడికే స్వేచ్ఛ ఉండి మిగతావారంతా దానికోసం కనిపెట్టుకుని ఉండే చోటును మనం జమీందారీ అంటాం గాని ప్రజాస్వామ్యం అనం.

దీనికి ఉత్పత్తి పద్ధతిలోనే ఒక కారణమున్నది. చాలా చోట్ల నాయికలను రచయితల మధ్య పంచుతారు. కీ సంస్థ 1999లో తెచ్చిన 'కానన్'లో ముగ్గురు నాయికల కథలు హిసాయ నవోకి రాస్తే, ఇద్దరి కథలు మయేద జున్ రాశాడు. ఎవరి వాటా వారిది. వాటాలు వేసుకున్న కథలలో నాయికలు ఒకరి జీవితంలోకి ఒకరు లోతుగా వెళ్లటం కష్టం. కార్ఖానాలో ఒకడు చక్రం, ఒకడు ఇరుసు చేసినట్టు తయారైన కథలో, ఇద్దరు స్త్రీలు కూర్చుని నాయకుణ్ణి గురించి కాక మరొక విషయం మాట్లాడుకునే ఘట్టం ఎంత అరుదో పాఠకులే గమనించగలరు.

మరొక సమర్థన కన్నీటిది. 'కానన్' తరహా ఆటలకు జపాన్‌లో 'ఏడిపించే ఆటలు' అనే పేరు వచ్చింది. నాయికకు జబ్బు చేస్తుంది, లేదా ఆమె మాయమవుతుంది, లేదా జ్ఞాపకాలు ఒకటొకటే పోగొట్టుకుంటుంది, పాఠకుడు ఏడుస్తాడు. ఆ రచనలో నేర్పు లేదనను. కాని ఏడుపు రావటమే సాహిత్య విలువకు కొలబద్ద అయితే ఉల్లిపాయ మహాకావ్యమవుతుంది. జబ్బుపడ్డ అమ్మాయి మీద జాలిపడటం తేలిక. జాలికి ఆమె అంగీకారం అక్కరలేదు. కోపగించిన అమ్మాయిని గౌరవించటం కష్టం. దానికి మనం మారాలి. ఈ కథలు తేలికదారిని ఎంచుకుని దానికి హృదయం అని పేరు పెట్టాయి.

ఇంకొక పరీక్ష పెట్టి చూద్దాం. పెద్దల ఘట్టాలు తీసివేస్తే కథకు ఏమి నష్టం? 'కానన్' మరుసటి సంవత్సరమే, 2000లో, ఆ ఘట్టాలు లేకుండా వెలువడింది, కథ చెక్కుచెదరలేదు. అదే సంస్థ 2004లో 'క్లానాడ్'ను మొదటినుంచే ఆ ముద్ర లేకుండా విడుదల చేసింది. నాసు కినోకో రాసిన 'ఫేట్ స్టే నైట్' 2004లో పెద్దల ఆటగా వచ్చింది. 2007లో ఆ ఘట్టాలు తొలగించి, వాటి స్థానంలో మరేవో పెట్టి మళ్లీ విడుదల చేశారు. అసలు ప్రతిలో నాయకుడికీ, కత్తి పట్టిన వీరనారికీ మధ్య ఆ ఘట్టాన్ని మంత్రశక్తి అందించటం అనే సాకుతో పెట్టారు. మనసులో లేనిదాన్ని మంత్రంతో రప్పించారన్నమాట! తీసేస్తే కథకు నష్టం లేని ఘట్టం అతుకు. అది ఎందుకు అతికించారు? కంప్యూటరులో కథలు చెప్పే ఆటలకు ఆనాటి అంగడి ఆ ముద్ర చుట్టూ అల్లుకుని ఉండేది కాబట్టి. అది కథ కోరిన శృంగారం కాదు. అంగడి వసూలు చేసుకున్న సుంకం.

ఇంత చెప్పాక, ఈ ప్రక్రియలో మంచి రచన అసాధ్యమా అని అడగాలి. కాదు. నేను పైన తప్పుపట్టిన 'ఫేట్'లోనే దానికి రుజువున్నది. మొదటి రెండు కథలలో సకురా అనే అమ్మాయి పొద్దున్నే వచ్చి నాయకుడికి వంట చేసిపెట్టి, నవ్వి వెళ్లిపోయే పాత్ర. అచ్చమైన 'వాకిట్లో నిలబడ్డ' అమ్మాయి. మూడవ కథలో ఆమె ఇంటిలో ఆమెమీద ఏళ్లతరబడి జరిగిన హింస బయటపడుతుంది. ఆమెను చిన్నప్పుడే పరాయి ఇంటికి దత్తు ఇచ్చారు. అక్క మాత్రం సొంత ఇంట్లో పెరిగింది. ఆ అక్కమీద, ఊరిమీద, ఏమీ గమనించకుండా ఆమె వంట తిన్న నాయకుడి మంచితనం మీద ఆమె కోపం విరుచుకుపడుతుంది. అప్పటిదాకా అందరినీ కాపాడటమే ధర్మమనుకున్న నాయకుడు ఆ ధర్మమో ఈ మనిషో తేల్చుకోవలసి వస్తుంది. ఆ ఎంపిక లెక్క కాదు, సంకటం. మొదటి రెండు కథల్లోనూ మనం ఆమెను చూడనేలేదన్న సంగతి పాఠకుడికి అప్పుడు తెలుస్తుంది. ఒకే కథను పలుమార్లు చీల్చి చెప్పగల ఈ ప్రక్రియ తప్ప మరేదీ ఆ సిగ్గును అంత సూటిగా కలిగించలేదు.

రెండవ ఉదాహరణ 'కతావా షోజో'. వివిధ దేశాల ఔత్సాహికులు ఫోర్ లీఫ్ స్టూడియోస్ అనే పేరుతో కలిసి, రెన్‌పై అనే ఉచిత సాధనంతో తయారుచేసి, 2012 జనవరిలో ఉచితంగా పంచిపెట్టారు. దాని పుట్టుక చూస్తే భయం వేస్తుంది. 2000లో ఒక జపాను చిత్రకారుడు వేసిన పుట అది. ఒక్కొక్క వైకల్యంతో ఒక్కొక్క అమ్మాయి, అంటే సరుకుల జాబితా. కాని రాసినవారు జాబితాను దాటారు. నిప్పంటుకున్న ఇంటిలో తల్లిదండ్రులను పోగొట్టుకుని ఒంటిమీద మచ్చలతో మిగిలిన హనాకో అనే అమ్మాయి కథ చూడండి. నాయకుడు హిసావో గుండెజబ్బుతో ఆ పాఠశాలకు వచ్చినవాడు. ఆమెను అడుగడుగునా కాపాడవలసిన పసిపిల్లగా చూస్తూపోతే - అంటే మామూలు ఆటలో అంకెలు పెరిగే దారిలోనే నడిస్తే - ఆమె అతడి మీద తిరగబడుతుంది. తన గదినుంచి వెళ్లగొడుతుంది. అతడి దయ అంతా తనను చిన్నబుచ్చటమేనని అతడి మొహం మీదే అరుస్తుంది. గైడు చదివి వచ్చినవాడికి చెంపపెట్టు అది! అక్కడ ఆమె అంకె కావటం మానేసి మనిషి అయింది. ఆ రచనకు మచ్చ లేదనను. అది కూడా పాఠశాల గోడ దాటలేదు. పాత్రలందరూ పద్దెనిమిదేళ్లు నిండినవారేనని ఈ ఆటలు ముందు పుటలో వేసే ప్రకటన, బడి దుస్తుల్లో నడిచే కథను పెద్దల కథగా మార్చలేదు. పెద్దవారి ప్రేమలో అద్దె ఉంటుంది, ఉద్యోగం ఉంటుంది, తల్లిదండ్రుల మందుల ఖర్చు ఉంటుంది. పెద్దల కోసమన్న కథలలో పెద్దలే కనిపించకపోవటం ఈ ప్రక్రియకు పెద్ద నింద.

విమర్శ వల్ల ఫలితమున్నదా అంటారేమో. 2016లో క్రిస్టీన్ లవ్ అనే రచయిత్రి స్త్రీల మధ్య ప్రేమను వస్తువుగా తీసుకుని 'లేడీకిల్లర్ ఇన్ ఎ బైండ్' అనే దృశ్యనవల రాసింది. అందులో ఒక ఘట్టంలో అంగీకారం లేకుండా జరిగిన తీరును పాఠకులు తప్పుపట్టారు. 2017లో ఆమె ఆ ఘట్టాన్ని తొలగించింది. ఏ ప్రభుత్వమూ ఆజ్ఞాపించలేదు. పాఠకులు అడిగారు, రచయిత్రి విన్నది. సాహిత్యం బతికి ఉన్నదనటానికి ఇంతకంటె గుర్తేమి కావాలి?

ఆ పని మనం చేయకపోతే మరెవరో చేస్తారు. ఎవరు చేస్తారో ఇప్పటికే చూశాం. 2018లో స్టీమ్ అనే పెద్ద అంగడి ఈ ఆటలను కత్తిరింపులు లేకుండా అమ్మటానికి ఒప్పుకున్నది. 2025 జూలైలో డబ్బు చెల్లింపులు నడిపే సంస్థల ఒత్తిడి వల్ల అదే అంగడి కొన్ని ఆటలను తీసివేసింది, ఇచ్.ఐఓ అనే మరొక అంగడి పెద్దల ముద్ర ఉన్న ఆటలన్నిటినీ ఒక్క దెబ్బతో వెతికినా దొరకకుండా దాచింది. ఆ దెబ్బ స్త్రీని సరుకు చేసిన చెత్తమీద ఎంత పడిందో, తమ ప్రేమలను తాము రాసుకున్న చిన్న రచయితల మీదా అంతే పడింది. మంచి చెడ్డలు తేల్చటం షావుకారుకు రాదు. ఏది ఖాతాకు ప్రమాదమో అంతవరకే అతడికి తెలుస్తుంది. నిన్న కీచక వ్యాపారాన్ని పోషించిన డబ్బే ఈరోజు నీతి చెబుతున్నది. ఆ నీతికి చప్పట్లు కొట్టేవారిలో నేను లేను.

ఈ ఆటలు జపాన్‌లోనో అమెరికాలోనో పుట్టినవి, మనకెందుకు అనేవారికి ఒక్క మాట. మన ఊళ్లలో కుర్రవాళ్ల దగ్గర కంప్యూటర్లున్నాయి, ఇంగ్లీషు వచ్చు. అంగడి వారి గదిలోనే ఉన్నది. మనం పాఠంగా చెప్పే మధురవాణిని వారు పరీక్ష కోసం చదువుతారు. ఈ నాయికలను ఇష్టపడి చదువుతారు. ఎదుటి మనిషి మనసును సరైన జవాబులతో తెరుచుకునే తాళంగా చూడటం అలవాటైనవాడు, రేపు నిజమైన అమ్మాయి "వద్దు" అంటే ఆ మాటను మనిషి మాటగా వినగలడా? లేక ఎక్కడో ఒక జవాబు తప్పు చెప్పాననుకుని వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెడతాడా? అన్ని పాపాలూ ఆటల మీద పెట్టటం అన్యాయమే. కాని కథలు మనుషులకు ఏమీ నేర్పవని చెప్పటానికి మన సంఘం వారెవరూ కలం పట్టలేదు.

అందుచేత విమర్శకులు ముక్కుమీద చేయి తీసి ఈ కథలను చదవాలి. చదివి, ఏది కథో ఏది సుంకమో విడదీసి చెప్పాలి. ఈ ప్రక్రియలో రాయబూనే యువ రచయితలు, తెలుగులో రేపు రాయబోయేవారు కూడా, శృంగారానికి భయపడనక్కరలేదు. లెక్కకు భయపడండి. మీ నాయికకు ఒక పని ఇవ్వండి, ఒక స్నేహితురాలిని ఇవ్వండి, మీ నాయకుడికి తెలియని ఒక గతం ఇవ్వండి. ఏ జవాబు చెప్పినా చల్లారని కోపం ఒక్కటైనా ఆమెకు ఉండనివ్వండి. ఆ కోపం ముందు మీ పాఠకుడు కాసేపు ఏ మీటా నొక్కలేక కూర్చుంటే, ఆ రోజు మీ ఆట నవల అవుతుంది.